వంకల సాంబన్న కరెంటు సైకిలు

సాంబన్న "మంచిగున్నది" అని అక్కడితో ఆగగా విన్నవాళ్లు సిరోంచలో ఎవరూ లేరు. మొదలుపెట్టడం మాత్రం అలాగే మొదలుపెడతాడు. "మంచిగనే ఉన్నది గని..." అని తల కాస్త పక్కకు వాల్చి, ఒక కన్ను చిన్నది చేస్తాడు. ఎదుటివాడికి అప్పుడే తెలిసిపోతుంది తన పని అయిందని. "...జర ఫరకున్నది." అంటే, ఎక్కడో ఏదో తేడా ఉందన్నమాట.

నది మీద కొత్త వంతెన పడినప్పుడు ఊరంతా ఎగబడి ఫోటోలు దిగింది. సాంబన్న నడిమధ్య దాకా నడిచి, కిందికి తొంగి చూసి, "వంతెన మంచిగనే ఉన్నది గని, నీళ్లు జర దూరమున్నయి" అన్నాడు. ఆయన భార్య ముత్తక్కను అడిగితే, పెళ్లయిన మూడో రోజున పప్పుకు పెట్టిన వంక ముప్ఫై ఎనిమిదేళ్లయినా తీరలేదంటుంది. "ఒక్కపాలి ఏమనకుండ తిని లేచిండు. భయమై దవాఖానకు తోల్కపోయిన" అని కూడా అంటుంది.

ఆ కరెంటు సైకిలు ఆయన చేతికి వచ్చింది కూడా వంకల వల్లనే. అడవిలో రాళ్లు పరిశీలించడానికి పూణె నుంచి వచ్చిన ఒక పరిశోధకుడు తిరిగి పోతూ దాన్ని అమ్మకానికి పెట్టాడు. లావు టైర్లు, వెనక చక్రంలో మోటారు, గొట్టంలో బ్యాటరీ, గుట్టలెక్కడానికి చేసిన బండి. సాంబన్న ఊరికే చూడబోయాడు. బ్రేకు బాగాలేదన్నాడు, ధర తగ్గింది. పెడల్ బాగాలేదన్నాడు, ఇంకా తగ్గింది. గేరు బరువన్నాడు, మరింత తగ్గింది. చివరికి కొనననడానికి వంక మిగల్లేదు.

సైకిలును నడిపించుకుంటూ తిన్నగా అర్ఫాత్ దుకాణానికి వచ్చాడు. అర్ఫాత్ ఇంటి ముందు గదిలోనే సైకిళ్లు బాగుచేసేవాడు. ఊరంతా మోటారు సైకిళ్లకు మారిపోయాక పని సగమైంది. ఆ సైకిలును చూడగానే అతని కళ్లు వెలిగాయి. లోపలి నుంచి భార్యను పిలిచాడు.

"మహెజబీన్, ఇటు రా! చూసినవా ఎట్లున్నదో? కాకా, దీనికి ఆయిల్ బ్రేకులు వెయ్యాలె. ఇనుప పెడల్లు పెట్టాలె. ముందటి పళ్లచక్రం చిన్నది, వెనకది పెద్దది చెయ్యాలె. అప్పుడు చూడుండ్రి, గోడ కూడా ఎక్కుతది."

"గోడ నాకెందుకురా, దర్వాజ ఉన్నది కద?" అన్నాడు సాంబన్న. ముగ్గురూ నవ్వారు. అర్ఫాత్ ఆ రోజే ఫోన్‌లో సామాన్లు తెప్పించడానికి రాశాడు.

ఆగస్టు వానల్లో అతనికి జ్వరం వచ్చింది. అందరికీ వచ్చే జ్వరమేననుకుని రెండు రోజులు గోలీలు మింగుతూ పని చేశాడు. మూడో రోజు పరీక్షలో మలేరియా అని తేలేసరికి వాగు పొంగి, పెద్దాసుపత్రి ఉన్న అహేరికి దారి మూసుకుపోయింది. దారి తెరుచుకునే వేళకు జ్వరం తలకెక్కింది. ముప్ఫై నాలుగేళ్ల మనిషి మరి ఇంటికి నడిచి రాలేదు.

పదకొండో రోజున అర్ఫాత్ పేరు మీద పార్సిలు వచ్చింది. తెచ్చినతను గుమ్మం బయట నిలబడి, "ఆయన్ను పిలుస్తరా, సంతకం కావాలె" అన్నాడు. మహెజబీన్ తలుపు సందులోంచి చెయ్యి చాచి సంతకం చేసింది. విప్పకుండా మంచం కిందికి తోసేసింది. దుకాణం గదిలో దీపం మీట చుట్టూ అర్ఫాత్ వేళ్ల గ్రీజు మరకలున్నాయి. అత్త సుగ్రా గోడలు తుడుస్తూ అక్కడి దాకా వచ్చి ఆగిపోయేది.

పరామర్శకు వచ్చినవాళ్లంతా ఒక్కటే మాట అనేవారు. "నసీబు బేటీ, ఏం చేస్తం?" మహెజబీన్ తల ఊపేది. నలభయ్యో రోజున సాంబన్న వచ్చాడు. వాకిట్లో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"సుగ్రక్కా, నా సైకిలు సంగతేంది?"

సుగ్రా ముసలిది కాని, గొంతు ముసలిది కాదు. "సిగ్గున్నదా సాంబన్నా? నా కొడుకు మట్టి ఆరలే. కోడలు ఇద్దత్‌ల ఉన్నది. నాలుగు నెలల పది దినాలు గడప దాటదు."

"నాలుగు నెలల పది దినాలా?" సాంబన్న వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు. "సరే" అని వెళ్లిపోయాడు. ఇద్దత్ ముగిసిన మర్నాడు, పొద్దు పొడవగానే సైకిలు పట్టుకుని వాకిట్లో ఉన్నాడు.

"ఇంకొక్క దినం కూడా ఆగ నేను. నీ పెనిమిటి మాటిచ్చిండు బిడ్డా. బ్రేకులు, పెడల్లు, గేర్లు. మాట మాటే."

"చేసేటాయన లేడు కాకా."

"పానాలున్నయి కద? నువ్వు పక్కన కూసుండి అందిస్తుండె, నేను చూడలేనా? పదేండ్లు అందిచ్చినోళ్లకు పని రాకుంట ఉంటదా?"

మహెజబీన్ అన్న ఫర్దీన్ ఆ వారంలోనే నాగేపల్లి నుంచి వచ్చాడు. చెల్లెలిని, సుగ్రాను తనతో తీసుకుపోదామని అతని కోరిక. మంచివాడే. "ఈడ ఉండి ఏం చేస్తరు? దుకాణం ఎవరికన్న ఇచ్చేద్దాం" అన్నాడు.

"ఒక్క సైకిలున్నది భాయ్‌జాన్. ఆయన మాటిచ్చిపోయిండు. అది చేసి వస్త."

మంచం కింది పార్సిలు బయటికి లాగింది. విప్పి, సామాన్లు ఒక్కొక్కటే నేల మీద పరిచింది. అర్ఫాత్ ఫోన్‌లో బ్రేకులు బిగించే వీడియోలు అతను దాచిపెట్టినవి ఏడున్నాయి. ఏడూ చూసింది. నూనె గొట్టాన్ని కొలతకు కోసి బిగించింది. కోసినప్పుడు లోపలికి గాలి దూరితే, సిరంజితో నూనె ఎక్కించి బుడగలన్నీ బయటికి పంపాలి. మూడు రోజులు పట్టింది. సాంబన్న సైకిలును నడిపించుకుంటూ తీసుకుపోయాడు. నాలుగో రోజున మళ్లీ నడిపించుకుంటూనే వచ్చాడు.

"మంచిగనే ఉన్నది గని, జర ఫరకున్నది. గట్టిగ వత్తితే మెత్తగ పోతున్నది, నీళ్లల్ల నానిన బిస్కిట్ లెక్క."

వత్తి చూసింది. నిజమే. ఒక బుడగ మిగిలిపోయింది. మళ్లీ సిరంజి పట్టింది. వారానికి మళ్లీ వచ్చాడు.

"బ్రేకు పట్టినా మోటరు గుంజుతున్నది."

అదీ నిజమే. బ్రేకు పట్టగానే మోటారు ఆగిపోయేలా ఒక సన్నని తీగ కలపాలి. మరిచిపోయింది. నాలుక కరుచుకుని కలిపింది. ఇలా పన్నెండు రోజులకొకసారి ఫర్దీన్ ఫోన్ చేయడం, "అయిపోయింది, వస్త" అని ఈమె చెప్పడం, ఆ సాయంత్రమే సాంబన్న సైకిలుతో ప్రత్యక్షం కావడం.

పెడల్ల దగ్గర ఆమె కుంగిపోయింది. ప్లాస్టిక్ పెడల్లు తీసి, పాదం జారకుండా మొనలున్న వెడల్పాటి ఇనుప పెడల్లు వేయాలి. కుడిది సులువుగానే ఊడింది. ఎడమది ఎంత తిప్పినా కదల్లేదు. బలం కొద్దీ పానా మీద ఒరిగింది. అప్పుడు గుర్తొచ్చింది, అర్ఫాత్ చెప్పిన మాట. "ఎడమ పెడల్ ఉల్టా ఉంటది మహెజబీన్. అన్నిటి లెక్క తిప్పితే ఇంకా బిగుసుకుంటది." పానా అక్కడే వదిలేసి, చక్రానికి తల ఆనించి ఏడ్చింది.

వాకిట్లో స్టూలు మీద సాంబన్న ఉన్నాడు. లేచి పోలేదు. ఓదార్చలేదు. కొంతసేపు చూసి, "ఇయ్యాల అయితదా, రేపు రావాల్నా?" అన్నాడు.

"మీకు మనసన్నది ఉన్నదా కాకా!" ఆమె గొంతు వీధి చివరి దాకా వినిపించింది. "మనిషి పోయి ఆరు నెలలు కాలే. మీకు పెడల్లు కావాలె! బ్రేకులు కావాలె! నేనేమన్న మిషన్‌నా?"

"మనసు ఉన్నది బిడ్డా" అన్నాడు సాంబన్న నెమ్మదిగా. "పెడల్లే లెవ్వు."

ఆమె కోపంతో పానా అందుకుని ఉల్టా తిప్పింది. పెడల్ ఊడి వచ్చింది. ఆ పూట మహెజబీన్ రెండు రొట్టెలు తిన్నది. అర్ఫాత్ పోయాక ఆమె రెండో రొట్టె ముట్టడం అదే మొదలు. సుగ్రా చూసింది. మర్నాటి నుంచి సాంబన్నకు చాయ్‌లో చక్కెర ఒక చెంచా ఎక్కువ పడింది. "చాయ్ మంచిగనే ఉన్నది గని, జర తీపెక్కువైంది" అన్నాడాయన.

గేర్ల వంతు వచ్చేసరికి మార్చి వచ్చింది. ముందున్న నలభై రెండు పళ్ల చక్రం తీసి ముప్ఫై నాలుగుది వేసింది. వెనక పెద్దది వేసింది. గొలుసు కొలతకు కత్తిరించింది. ఇప్పుడు వీడియో చూడాల్సిన పని పడలేదు.

"గుట్ట మీద బ్యాటరీ అయిపోతే తొక్కుడు కష్టమైతుండె. ఇగ చూడాలె" అన్నాడు సాంబన్న.

మహెజబీన్ తలెత్తింది. "మీ చేను నది ఒడ్డున కద కాకా? అరచెయ్యి లెక్క ఉంటది. ఏ గుట్ట ఎక్కుతరు మీరు?"

"ఒడ్డు ఎక్కనా? చేను ఒడ్డు!"

"అందరు అంటున్నరు, మీరు సైకిలెక్కంగ ఎవ్వరు చూడలేదట. బస్సు మీదికి ఎక్కిస్తరట."

"బస్సుకు కూడా జర ఫరకున్నది" అని, సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పదిహేను రోజులు రాలేదు. ఇరవై రోజులైంది. వంక లేదు, సాంబన్న లేడు. మహెజబీన్ పొద్దున్నే వాకిలి వైపు చూసేది, ఎందుకు చూస్తున్నానని తన మీద తనే విసుక్కునేది. రేపు వస్తానని ఫర్దీన్ కబురు చేశాడు. ఆమె పానాలన్నీ తుడిచి, అర్ఫాత్ పాత చొక్కాలో చుట్టి, పెట్టెలో సర్దింది. పని అయిపోయింది. మాట తీరింది. ఇల్లు మళ్లీ ఆగస్టులో ఉన్నంత నిశ్శబ్దమైంది.

ఆ మధ్యాహ్నమే సైకిలు వచ్చింది. నడిపించుకుంటూ కాదు, తొక్కుకుంటూ. దిగింది నలభై ఏళ్ల గోండు స్త్రీ. వెనక ఒక మందుల డబ్బా కట్టి ఉంది.

"నేను జంగుబాయిని. జిమల్‌గట్ట అవతలి ఊళ్లకు ఆశా వర్కర్‌ను. మిస్త్రీ ఉన్నడా?"

"ఏ మిస్త్రీ?"

"ఈ సైకిలు చేసినాయన."

మహెజబీన్ గడప దగ్గరికి వచ్చింది. "నేనే."

జంగుబాయి ఆమె ముఖం చూసింది, చేతులు చూసింది. "అయ్యో, ఆ ముసలాయన మిస్త్రీ, మిస్త్రీ అంటుంటే మొగోడనుకున్న! ముత్తక్కది మా ఊరే. నువ్వు తిరుగు, జ్వరాలు చూడు అని సైకిలిచ్చిండు. వారం వారం బస్సు దిగి, ఏం ఇబ్బంది ఉన్నది చెప్పు, ఏం ఇబ్బంది ఉన్నది చెప్పు అని పానం తీసేటోడు. నేను చెప్పింది చెప్పినట్టు బట్టీ పట్టి పోతుండె. ఆయనకు తొక్కరాదు కద."

"తొక్కరాదా?"

"ఎక్కుడే రాదు!"

మహెజబీన్ గడప మీద కూర్చుండిపోయింది. "మిస్త్రీ గురించి ఏమన్నడు ఆయన?"

"చెయ్యి మంచిగున్నది అన్నడు."

"తర్వాత?"

"తర్వాతేముంటది? గంతే."

జంగుబాయి నీళ్లు తాగి చెప్పుకొచ్చింది. ఇప్పపూలు రాలే కాలం. వాటి కోసం ఎలుగుబంట్లు దిగుతాయి. నాలుగు రోజుల క్రితం గుట్ట దిగుతుంటే మలుపులో ఎలుగు అడ్డం నిలబడి ఉంది. "రెండు వేళ్లతో బ్రేకు పట్టిన. సైకిలు అక్కడ్నే నిలబడ్డది. ఎలుగు నన్ను చూసింది, నేను ఎలుగును చూసిన. దాని దారిన అది పోయింది. అందుకే మొక్కిపోదామని వచ్చిన." ఈ చలికాలం నుంచి తొమ్మిది మందికి మలేరియా పట్టుకుందట. అందరికీ మొదటి రోజునో రెండో రోజునో మందు పడిందట.

"తొమ్మిది మందీ..." అన్నది మహెజబీన్.

"బతికిన్రు. అందరు ఇప్పపూలు ఏరుతున్నరు."

మహెజబీన్ గోడ వైపు తిరిగింది. మీట చుట్టూ మరకలు మసకబారి కనిపించాయి. సుగ్రా వచ్చి కోడలి వీపు మీద చెయ్యి వేసింది.

సరిగ్గా అప్పుడే బస్సు దిగి సాంబన్న రొప్పుకుంటూ వచ్చాడు. జంగుబాయి చెప్పకుండా వచ్చేసిందని ఆమె ఊరికి పోతే తెలిసి, వెంటపడ్డాడు. మహెజబీన్ ముఖం చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది.

"ముందే చెప్తే ఏమైతుండె కాకా?"

"చెప్తే నువ్వు ఏడ్చుకుంట చేస్తుంటివి బిడ్డా. ఏడ్చుకుంట బిగిస్తే నట్టు వదులుంటది. కోపమొస్తే గట్టిగ బిగుస్తది. గుట్ట దిగేది ఈమె, నేను కాదు." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అర్ఫాత్‌ది మూడో దినం తెలిసింది. మొదటి దినమే తెలిసుంటే..." అని, మిగిలింది మింగేశాడు.

అప్పుడు జంగుబాయి కొంచెం ఇబ్బందిగా మహెజబీన్ దగ్గరికి జరిగింది. "అక్కా, ఇంకొకటున్నది. ముసలాయనకు చెప్పలేకపోయిన." ఆమె చెవిలో ఏదో చెప్పింది, సీటు వైపు వేలు చూపించింది. మహెజబీన్ కళ్లు పెద్దవి చేసింది. ఆ సన్నని, కొడవలిలాంటి సీటును చూసింది, జంగుబాయిని చూసింది. మూడు నెలలు దాని మీద అడవంతా తిరిగింది పాపం. ఏడుపు ముఖంలోంచే నవ్వు తన్నుకొచ్చింది. జంగుబాయి పకపక నవ్వింది. చెవి సరిగా వినపడని సుగ్రాకు కూడా ఎలా వినపడిందో, ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంది? ఏం ఖరాబైంది? నాకెందుకు చెప్పలే?" సాంబన్న కంగారుగా చక్రాలు, బ్రేకులు, పెడల్లు తడిమాడు. ఆయనకు అంతుపట్టని వంక ఉండటం ఇదే మొదలు.

"కాకా, మీరు జర బయట కూసోండ్రి."

అప్పుడే ఫోన్ మోగింది. ఫర్దీన్. "రేపు పొద్దుగాల బండి తీసుకొస్త. సామాన్లు కట్టినవా?"

మహెజబీన్ పెట్టె వైపు చూసింది. ఒంటి చేత్తో చొక్కా ముడి విప్పి పానా బయటికి తీసింది. "రండ్రి భాయ్‌జాన్. గని ఖాళీ చేతులతోని రాకుండ్రి. అహేరిల ఆడోళ్ల సీటు దొరుకుతదేమో చూసి తేండ్రి. వెడల్పుది, మెత్తగుండాలె."

"ఏం సీటు?" ఫోన్‌లోంచి ఫర్దీన్ అరిచాడు.

వాకిట్లో స్టూలు మీంచి సాంబన్న కూడా అదే అడుగుతున్నాడు.