తొమ్మిది తాళ్ల గోడ

పోయిన వారం మా మేనకోడలు అమలాపురంలో కాలేజీ వదలగానే తిన్నగా మామిడికుదురులో మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఫోను నా కళ్లజోడు ముందు పెట్టింది. హిమాచల్ కొండల్లో ఒక రాతిగోడ గురించి ఎవరో రాసిన వ్యాసం అది. వాళ్ల నాన్న, అంటే మా అక్క భర్త, ఆ గోడ మీదనుంచే పడి చనిపోయాడు. ఆ గోడను మొదట ఎక్కిందెవరన్న తగువు ఇప్పటికీ తెగలేదట. విదేశీయులు ఎడమవైపు నుంచి మేమే ముందు ఎక్కామంటారు, సైనికులు కాదు మేమంటారు, ఇంకో జట్టువాళ్లు తాము పైకి చేరేసరికే రాతికొమ్ముకు పాత తాడు ముక్క కట్టి ఉందనీ, ఎవరో గొర్రెల కాపరిది కాబోలనీ రాశారు. అప్పట్లో తీసిన ఆ తాడు ఫోటో కూడా వేశారు. పిల్ల దాన్ని వేళ్లతో పెద్దది చేసి, "మంచుకొండల్లో కొబ్బరి తాడు ఎక్కడిది మావయ్యా?" అని అడిగింది. చూపు సరిగ్గా ఆనడం లేదని చెప్పి తప్పించుకున్నాను.

నా చూపు బాగానే ఉంది. ఆ తాడు ఎవరిదో తెలిసినవాణ్ణి భూమ్మీద నేనొక్కణ్ణే.

మా బావ వయసులో నాకన్నా ఆరేళ్లు పెద్ద, మా మేనమామ కొడుకే. మావయ్యా, బావా ఇద్దరూ కొబ్బరి దింపు తీసేవారు, అంటే చెట్టెక్కి కాయలు కోసి దించేవారు. కాళ్లకు కొబ్బరి పీచు తాడుతో బంధం వేసుకుని, నడుమున కత్తి దోపుకుని బావ చెట్టెక్కుతుంటే, మనం మెట్లెక్కడం కూడా అంత సులువుగా ఉండదనిపించేది. నేను చదువుకుని, ఎలాగో ఆ ఉత్తరాది కొండల్లో రాతిగోడలెక్కడం నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో ఉద్యోగానికి కుదిరాను. సముద్రపు ఒడ్డున పుట్టినవాడికి కొండలేమిటని ఊళ్లో నవ్వారు. తొంభై ఆరు తుపానుకు తోటలన్నీ నేలకొరిగి, ఎక్కడానికి చెట్టే లేకుండా పోయినప్పుడు బావను కూడా అక్కడికే రప్పించి అటెండరుగా వేయించాను. రెండేళ్లు తిరక్కుండా మాకు పాఠాలు చెప్పే గురువులకన్నా బాగా ఎక్కేవాడు. నాకది గర్వంగానూ ఉండేది, కాస్త కుళ్లుగానూ ఉండేది. ఇప్పుడు దాచుకుని లాభమేముంది.

ఆ గోడ ఎత్తు తొమ్మిది తాళ్లు. అంటే ఒక తాడు పొడవు ఎక్కి, ఆగి, రెండోవాణ్ణి పైకి తీసుకుని, మళ్లీ ఎక్కడం, అలా తొమ్మిదిసార్లు. ఆ రోజు డ్యూటీ మీద బావకూ నాకూ కేంద్రం ఇచ్చిన అనుమతి అయిదో తాడు దగ్గర అరుగులా ఉన్న చోటు వరకే. మేము అక్కడికి చేరేసరికి మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. పై నాలుగు తాళ్లూ ఎవరూ పూర్తిగా ఎక్కలేదని ఆ రోజుల్లో అనుకునేవారు, నాకేమో ఆ మొదటి పేరు నాది కావాలని చెప్పలేనంత ఆశ. బావ రాయి మీద అరచేయి ఆనించి చూసి, "తడిసిన చెట్టు ఎక్కకూడదురా బావమరిదీ, దిగిపోదాం" అన్నాడు. సగం చెట్టు దిగొచ్చేవాడని పేరు పడడమంటే దింపువాళ్లకు ఎంత నామర్దానో ఎరిగి ఉండీ, ఆ మాటే అన్నాను. సగంలో దిగిపోయావని ఊళ్లో మావయ్యతో చెప్పమంటావా అన్నాను, నవ్వుతూనే.

బావ నవ్వలేదు. తాడు నడుముకు బిగించుకుని ముందు ఎక్కసాగాడు. ఎనిమిదో తాడు దగ్గర నిలువు చీలికలో నా బూట్లు నిలవలేదు కానీ, అతను బూట్లు విప్పి సంచిలో వేసి, ఊరినుంచి తెచ్చుకున్న బంధం కాళ్లకు వేసుకుని, వట్టి పాదాలతో ఆ చల్లటి రాయి మీద పాకి నన్ను కూడా పైకి తీసుకున్నాడు. తొమ్మిదో తాడు కూడా ముగించి గోడ కొసకు చేరాక చూస్తే బంధం పీచులు పీచులుగా తెగి ఉంది. అరిగిన బంధాన్ని మావాళ్లు కిందికి దించరు, ఆఖరిసారి ఎక్కిన చెట్టుకే కట్టి వచ్చేస్తారు. అక్కడ చెట్టు లేదు కనుక రాతికొమ్ముకు కట్టాడు.

దిగేటప్పుడు చిన్నవాణ్ణని నన్ను ముందు పంపాడు. నేను అరుగు మీద నిలబడి ఉండగా, అతను దిగుతున్న తాడు చుట్టిన పైరాయి వాననీటికి నాని కదిలి, బావ నా ముందునుంచే కిందికి పోయాడు. చేయి చాచానో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

శరీరం గోడ మొదట్లో దొరికింది, ఎంత ఎత్తునుంచి పడ్డాడో చూసి చెప్పగలిగేవారు లేరు. అనుమతి దాటి ఎక్కామంటే అది డ్యూటీ కిందికి రాదు, అతని బదులు అక్కకు ఉద్యోగం రాదు, నా ఉద్యోగమూ ఊడుతుంది. అందుకని అరుగు దగ్గరే జారాడని సంతకం పెట్టాను. అక్కకోసమే పెట్టానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను.

ఊళ్లో సమాధి చేసిన రోజు పాస్టరుగారు ప్రార్థన ముగించాక మావయ్య నా దగ్గరకు వచ్చి, "సగంలోనే జారిపోయేడా అల్లుడూ?" అని ఒక్క మాట అడిగారు. అవునండి అన్నాను. "ఆయ్" అన్నారాయన, అంతే. ఆ తరువాత బతికిన తొమ్మిదేళ్లలో మళ్లీ చెట్టు ముట్టుకోలేదు, వాకిట్లో ఎవరైనా దింపు మాటెత్తితే లేచి లోపలికి వెళ్లిపోయేవారు.

మావయ్య పోయారు. అక్క రిటైరై, రెండేళ్ల కిందట ఆమె కూడా పోయింది. ఇక ఎవరి వెనక దాక్కోను? తుపాను తరువాత వేసిన పొట్టి చెట్లకు కింద నిలబడే గెల కోస్తున్నారు, పెద్ద చెట్లకు యంత్రాలు వచ్చాయి, మా పేటలో బంధం కట్టడం తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆదివారం ఆరాధన అయ్యాక మేనకోడలు మళ్లీ వస్తానంది. తాడు ఎవరిదో చెబుతాను, అరుగు దగ్గర నేనన్న మాట కూడా చెబుతాను, ఆపైన నన్ను మావయ్యా అని పిలవడం మానేసినా తప్పుపట్టను. వాళ్ల నాన్న చివరిదాకా ఎక్కాడంటే తను సంతోషిస్తుంది, ఏడుస్తుంది. కానీ చెట్టు పూర్తిగా ఎక్కడమంటే ఏమిటో తెలిసి, ఆ ఒక్క మాటకోసం తొమ్మిదేళ్లు కాచుకున్న మనిషికి మాత్రం నేను చెప్పలేదు.