నాకేమీ రాదని రాసిచ్చిన కాగితం

ఎనభైల చివర్లో మాచర్ల దగ్గర ఒక సున్నపురాయి క్వారీ ఆఫీసులో ప్రొబేషన్ మీద చేరాను. ఏడాది తిరిగితే పర్మనెంట్ చేస్తామన్నారు. ఆఫీసుకంతా ఒక్కటే కంప్యూటరు. దాని భద్రతకు ఏ లోటూ చేయలేదు. చెప్పులు బయటే విడవాలి, గది తలుపుకు రెండు తాళాలు, స్క్రీన్ పైన కుంకుమ బొట్టు.

ఎనిమిది నెలలుగా నేను టైపు కొట్టిన బోరు శాంపిళ్ల ఫలితాలు అందులోనే ఉన్నాయి. ఎక్కడ తవ్వితే మంచి రాయి పడుతుందో చెప్పేవి అవే. కొట్టడం అయిపోయిన కాగితాలను చిత్తుకాగితాల కింద అమ్మేశారు.

ఒక సోమవారం మిషన్ లేవలేదు. శనివారం మేనేజరుగారు కూతురి సంబంధం కోసం జాతకాలు చూసే ఫ్లాపీ ఎవరి దగ్గరో తెచ్చి అందులో పెట్టారు. జాతకాలు బాగానే కలిశాయి.

మిషన్ అమ్మినవాళ్ల ఇంజినీరు గుంటూరు నుంచి వచ్చి చూశాడు. "వైరస్సండీ. ఎల్లుండొచ్చి మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కిస్తా" అన్నాడు. లోపల చూసి తీయలేమా అని అడిగాను. "లోపల ఏం రాశారో తయారుచేసిన కంపెనీ మాక్కూడా చెప్పదండీ" అని బస్సుకు వెళ్లిపోయాడు.

"చెరిపితే నీ శాంపిళ్లు ఏమైతయ్ అబ్బాయ్?" అన్నారు మేనేజరుగారు.

"పోతయ్ సార్."

"అయితే నీ పర్మనెంటు కూడా పోయినట్టే."

చానా భయమేసింది. పోస్టులో కోర్సు కట్టి నేర్చుకున్న, కంప్యూటరుకు నేరుగా ఆజ్ఞలు రాసే అసెంబ్లీ భాష తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. మర్నాడు, కొన్నప్పుడు మిషన్‌తో పాటు వచ్చిన ఒరిజినల్ ఫ్లాపీతో దాన్ని లేపి, డిస్కులో మొదటి గడి తెరిచాను. కంపెనీ చెప్పకపోయినా, మిషన్‌కిచ్చే ఆజ్ఞలు అంకెల రూపంలో అక్కడే ఉంటాయి. కాగితం మీద దించుకుంటూ చదివాను. వైరస్ మొదటి గడిలో కూర్చుని, అక్కడుండాల్సిన అసలు ఆజ్ఞలను వెనక గడిలోకి నెట్టేసింది. వాటిని తెచ్చి మళ్లీ మొదటి గడిలో పెట్టాను. మిషన్ లేచింది. శాంపిళ్లన్నీ భద్రంగా ఉన్నాయి. జాతకాల ఫ్లాపీ తెరిచి చూస్తే అందులోనూ అదే వైరస్ ఉంది.

మూడో రోజు నాకు మెమో ఇచ్చారు. కంపెనీ ఎవరికీ చెప్పని సంగతి మీకెలా తెలిసింది, మీరే పెట్టి మీరే తీశారని ఎందుకు అనుకోకూడదు, సంజాయిషీ ఇవ్వండి. కింద మేనేజరుగారి సంతకం.

ఫ్లాపీ సంగతి రాస్తే నా తప్పు లేదని తేలిపోతుంది, ఉద్యోగమూ తేలిపోతుంది. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చించాను. చివరికి, ఏవో అంకెలు మారుస్తుంటే అదృష్టం కొద్దీ లేచిందనీ, లోపలి సంగతులు నాకేమీ తెలియవనీ రాసిచ్చాను.

గడువు కాగానే పర్మనెంట్ చేశారు. నాకు వచ్చిన ఒక్క విద్యా నాకు రాదని నేనే సంతకం పెట్టాను. అప్పుడు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.