పలమనేరు బస్సులో గానుగ పాకం

మా అక్క నోటికి మళ్లీ రుచి తెప్పించాలని బయల్దేరిన ప్రయాణమిది. పలమనేరులో కాపురముండే అక్కకు దీపావళి తర్వాత కామెర్లు వచ్చాయి. కామెర్లయితే తగ్గాయి గానీ ఆకలి చచ్చిపోయింది, మనిషి సగమైపోయింది. పళ్లూ పచ్చి కూరగాయలూ తరిగి సలాడ్ చేసిపెట్టమన్నాడు డాక్టరు. మా వైపు కోసంబరి అంటామే, దాదాపు అదే. బావ చేసిపెడితే "గడ్డి తిన్నట్టుండాది" అని పళ్లెం పక్కకు తోసేసిందట. పంచదార చల్లితే కడుపులో తిప్పుతోందందట. చివరికి "చిన్నాయన గానుగ కాడి లేత పాకమైతే తింటానేమో" అందని బావ ట్రంకాల్ చేసి చెప్పాడు. ఆ మాట చెవిన పడ్డాక నాకు కాలు నిలవలేదు.

తిరుపతిలో ఐదున్నరకు చిత్తూరు బస్సెక్కాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక సలహా: ధనుర్మాసం చలిలో కిటికీ సీటుకు ఆశపడకండి, ఒక్క అద్దమూ మూసుకోదు. ఎనిమిదికి చిత్తూరులో దిగి, వేడివేడి ఇడ్లీ తిని, ఐరాల బస్సులో నిలబడే వెళ్లాను. చిన్నాయన చెరకు తోట రోడ్డు పక్కనే. చెరకు రసం కాగుతున్న పెనం కింద పిప్పి మండుతోంది. ఆ వాసనకే నాకు నోరూరింది.

"ఏం పాపా, సెప్పాపెట్టకుండా వచ్చినావు?" అన్నాడు చిన్నాయన. సంగతి చెప్పాను.

"నా బిడ్డ అడిగిందా? అయితే ఈ పెనం దానిదే!"

బెండకాడల జిగురు పోసి, తేలిన మడ్డినంతా ఓపిగ్గా తీసేశాడు. రంగు కోసం వేసే సోడా ఉప్పు దగ్గరికి రానివ్వలేదు. రసం ఇంకా బెల్లంగా ముదరకుండా, తేనెలాగా సాగుతున్నప్పుడే ముంచి ఇత్తడి క్యాను నిండా పోశాడు. చల్లారాక మూతకు గుడ్డ కట్టి నా చేతికిస్తూ, "ఒక మాట. గానుగ పాకం దోవలో ఎవురడిగినా లేదనగూడదు. లేదంటే మళ్లా పెనం పాకం పట్టదు" అన్నాడు.

"బస్సులో ఎవరడుగుతారులే చిన్నాయనా" అన్నాను. ఎంత పిచ్చిదాన్నో!

చిత్తూరుకు తిరిగొచ్చి మూడింటికి పలమనేరు బస్సెక్కాను. కాలు పెట్టే సందు లేదు. నా పక్కన జామకాయల గంపతో ఒక అవ్వ కూర్చుంది. ఊరు దాటీదాటకముందే ముక్కు ఎగబీల్చింది.

"ఏంది మే ఆ క్యానులో? గానుగ వాసన వస్తా ఉండాది."

"పాకం అవ్వా."

"రవ్వంత ఇయ్యి, సూస్తాను."

అరచేతిలో పోశాను. అవ్వ నాకి, "అబ్బబ్బా, ఏం పాకం!" అని బస్సంతా వినబడేలా అంది. ఇంకేముంది! వెనక సీటు వాళ్లు చెయ్యి చాపారు, ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగారు. "టికెట్టు కొట్టినోడికి లేదామ్మా?" అంటూ కండక్టరూ వచ్చాడు. లేదనలేను. మొగిలి ఘాటు మొదలయ్యేసరికి క్యాను సగమైంది, ఎక్కుతుండగానే అడుగు కనబడింది.

"అయ్యా, ఇది మా అక్క కోసం! కామెర్లు వచ్చి తిండి మానేసింది, ఈ పాకమైతేనే తింటానంది" అని ఏడుపు గొంతుతో అరిచేశాను.

అవ్వ నా తొడ మీద ఒక్కటి వేసింది. "ముందే సెప్పొద్దా తల్లీ! మాకేమన్నా కలొస్తాదా?"

"ఇంగెవురూ అడగబాకండి!" అని కండక్టరు కేకేశాడు. అడిగితే కదా లేదనాల్సింది! నా ప్రాణం లేచొచ్చింది. అవ్వ దోరజామకాయలు నా ఒళ్లో పోసింది. ఎవరో బొప్పాయి పండిచ్చారు, ఎవరో లేత క్యారెట్లు అందించారు. వద్దన్నా వినలేదు. దిగేటప్పటికి నా వైరు బుట్ట మోయలేనంత బరువైంది.

అక్క గోడకానుకుని కూర్చుంది. కాళ్లు కడుక్కుని వంటింట్లోకి పరిగెత్తాను. జామ, బొప్పాయి, ఇంట్లో ఉన్న అరటి, క్యారెట్టు సన్నగా తరిగి, బావ నానబెట్టి ఉంచిన పెసరపప్పు కలిపి, నిమ్మకాయ పిండి, క్యాను వంచి మిగిలిన పాకమంతా పోశాను. సరిగ్గా ఒక్క పళ్లేనికొచ్చింది. బావా నేనూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

అక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. రెండోది తీసుకుంది. తర్వాత తలెత్తలేదు. పళ్లెం వేలితో నాకి, "ఇంకొంచెం పెట్టు మే" అంది. బావ గబుక్కున పెరట్లోకి వెళ్లిపోయాడు. నేను క్యాను బోర్లించి చూపించి, బస్సు కథంతా చెప్పాను.

మరునాడు పొద్దున తిరుగు ప్రయాణం. వద్దంటున్నా వినకుండా, శాలువా కప్పుకుని, బావ చెయ్యి పట్టుకుని అక్క బస్టాండు దాకా నడిచొచ్చింది. బస్సు కదలబోతుంటే కిటికీ చువ్వ పట్టుకుంది.

"బస్సులో అందరికీ పోసి, సొంత అక్కకు ఒక్క పళ్లెమా? ఈ తూరి వచ్చేటప్పుడు రెండు క్యాన్లు తేకుంటే సూడు, నిన్ను ఇంట్లోకి రానిస్తానా!"

అన్నం వాసనే పడదని మొహం తిప్పుకున్న మనిషి, తన వాటాలోది కూడా తీసి నాకు పెట్టి పెంచిన మా అక్క, తిండి కోసం నాతో పోట్లాడుతోంది! సరేనని తలూపుతుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎన్నో ఊళ్లు తిరిగాను గానీ, ఇంత సంతోషంగా తిట్లు తిని ఇంటికి చేరిన ప్రయాణం ఇదొక్కటే.