ఎడమ సీటు పైన అతుకు

యేసురాజు ముప్పై నాలుగేళ్ళు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో వెల్డర్‌గా పనిచేశాడు. బోగీల అడుగున ఉండే ఉక్కు చట్రాలు అతకడం అతని పని. ఏదైనా చట్రం పగుళ్ళిచ్చి వెనక్కి వస్తే, అది ఎవరి చేతి పనో రిజిస్టరు తీసి చూసేవారు. యేసురాజు అతికింది ఒక్కటీ వెనక్కి రాలేదని ఫోర్‌మన్ కొత్తగా చేరినవాళ్ళకి చెబుతుండేవాడు. 2005లో రిటైరయ్యాడు. భార్య ప్రేమమణి మిషన్ స్కూల్లో ఐదో తరగతి టీచరు, ఆమెకింకా నాలుగేళ్ళ సర్వీసుంది. వాళ్ళకి పిల్లల్లేరు. మెట్టుగూడలో రెండు గదుల సొంతిల్లు ఉంది.

రిటైరవడానికి ఏడాది ముందే అతని కుడికంటి చూపు మధ్యలో ఒక మసక మచ్చ మొదలైంది. పక్కలన్నీ కనబడేవి. దేన్ని సూటిగా చూస్తే అదే చెరిగిపోయేది. రైల్వే ఆస్పత్రిలో చెబితే చేతిలోంచి వెల్డింగ్ హోల్డర్ లాక్కుని స్టోర్సులో కూర్చోబెడతారని భయపడి, చిలకలగూడలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళాడు. కంటి వెనక పొర దెబ్బతిందని, దానికి ఆపరేషన్ లేదని, ఎడమ కంటికి కూడా రావచ్చని ఆయన చెప్పాడు. యేసురాజు ఆ చీటీ మడిచి బీరువాలో బట్టల కింద పెట్టాడు. ఆదివారం చర్చిలో అందరిలాగే పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, జ్ఞాపకం ఉన్నంత మేరకు పాడేవాడు.

2006 ఆగస్టులో వాసు వచ్చాడు. వాసు తండ్రి పర్వతాలు శ్రీకాకుళం నుంచి వచ్చి అదే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేశాడు. అప్పట్లో రైల్వే క్వార్టర్స్‌లో రెండు కుటుంబాలవీ పక్కపక్క ఇళ్ళు. పర్వతాలు పోయి ఐదేళ్ళయింది. వాసు ఇంజనీరింగ్ చదివి మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాడు. ముప్పై నిండాయి, పెళ్ళయింది.

"అంకుల్, లారీ కొన్న" అన్నాడు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే.

"లారీ ఏం చేసుకుంటవ్ రా? కంప్యూటర్లు మోస్తవా?"

"మిలిటరీ వేలంల దొరికింది. నాలుగు చక్రాలకీ పవర్ ఉంటది. ఫిబ్రవరిల రాజస్థాన్ ఎడారిల బండ్ల రేసు ఉంది, రాలీ అంటరు, ఆరు రోజులు. జీపులకే కాదు, పెద్ద బండ్లకి సుత వేరే క్లాసు పెట్టిన్రు. దాంట్ల పోదామని."

యేసురాజు నవ్వాడు. వాసు నవ్వలేదు.

"అసొంటి బండ్లు తయారు చేసేటోళ్ళు పూనాల ఉన్నరు అంకుల్. వాళ్ళడిగేది నా ఏడాది జీతం. నా దగ్గర ఉన్నది ఈ ఏడు బోనస్, ఇంక మీరు."

"రిటైరైనోణ్ణి, నాతోని ఏమైతది రా" అన్నాడు యేసురాజు. కానీ ఆ గొంతులో కాదనడం లేదు. పని మానేసి ఏడాది దాటినా పొద్దున వర్క్‌షాపు సైరన్ మోగేసరికి స్నానం చేసి, చొక్కా వేసుకుని కూర్చునేవాడు. ఆ ఏడాదిలో అతన్ని పనికి పిలిచిన మనిషి లేడు. కంటి సంగతి అప్పుడే చెప్పాల్సింది. బండి చూశాక చెబుదామనుకున్నాడు. బండి చూశాక, మొదటి వారం గడిచాక చెబుదామనుకున్నాడు.

అలుగడ్డబావి దగ్గర మూతపడిన కట్టెల అడితి ఒకటి అద్దెకు తీసుకుని లారీని అందులో పెట్టారు. శని, ఆదివారాలు వాసు పొద్దున్నే వచ్చేవాడు. మిగిలిన రోజులు యేసురాజు ఒక్కడే పనిచేసేవాడు. సైనికుల్ని మోసిన వెనక తొట్టి మొత్తం కోసి తీసేశారు. బరువు తగ్గాలని క్యాబిన్‌లో ఇనుప నేల పీకి అల్యూమినియం రేకు వేశారు. చక్రాల మీది కమాన్ స్ప్రింగు కట్టల్లోంచి రెండేసి పట్టీలు తప్పించి, పాత బస్సుల నుంచి తెచ్చిన షాక్ అబ్జార్బర్లు చక్రానికి రెండు చొప్పున బిగించారు. గుద్దుకున్న కారు నుంచి రెండు సీట్లు దొరికాయి. కొత్తగా కొన్నవి టైర్లు, రాణిగంజ్‌లో తెచ్చిన అతుకు లేని పైపులు మాత్రమే.

ఆ పైపులు పంజరం కోసం. ఇసుక దిబ్బ మీద అంత పెద్ద బండి పల్టీ కొడితే క్యాబిన్ పైరేకు అట్టపెట్టెలా నలిగిపోతుంది. అందుకని క్యాబిన్ లోపల లావు పైపులు వంచి, అతికి, మనుషుల చుట్టూ పంజరంలా కట్టాలి. మిగతా బండి ఎట్లా ఉన్నా, లోపల కూర్చున్న ఇద్దరి ప్రాణం ఆ అతుకుల మీద ఆధారపడి ఉంటుంది. ఆ పని వేరేవాళ్ళకి ఇవ్వకపోవడానికి కారణం యేసురాజు పేరే.

ఇద్దరిలో రెండో మనిషి వాసు భార్య కనకలక్ష్మి. ఆమెది విజయనగరం. వాసు కంపెనీలోనే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టింగ్ ఉద్యోగం. ఎడమ సీట్లో కూర్చుని, దారి పుస్తకం చదువుతూ, ఎక్కడ తిరగాలో చెప్పాల్సింది ఆమె.

కింది అతుకులు యేసురాజు ఎడమ కన్నుతో బాగానే చేశాడు. వాటి మీద అతనికి అనుమానం లేదు. డిసెంబరు వచ్చేసరికి ఆ కంట్లోనూ మచ్చ మొదలైంది. పై అతుకులు మిగిలాయి. క్యాబిన్‌లో వెల్లకిలా పడుకుని, నెత్తి మీద చేతులెత్తి చేయాల్సిన పని అది. నల్లద్దం వెనక కరిగిన లోహం ఎక్కడుందో అతనికి కనబడలేదు. చెవితో పనిచేశాడు. వెల్డింగ్ రాడ్డు సరిగ్గా కరుగుతుంటే వడియాలు వేగుతున్నట్టు ఒకే తీరుగా చప్పుడొస్తుంది. ఎడమ సీటు పైన, రెండు పైపులు కలిసే చోట, ఆ చప్పుడు రెండుసార్లు తెగింది.

అతుకు మీద గట్టిపడిన చిట్టెం రాలగొట్టి వేలితో తడిమి చూశాడు. ముద్దలు ముద్దలుగా ఉంది. కోసి మళ్ళీ చేయాలి. కోస్తే మళ్ళీ చేసేదీ ఈ కళ్ళతోనే కదా అనిపించింది. చాలాసేపు అట్లాగే పడుకున్నాడు. తర్వాత గ్రైండర్ తీసి పైన నున్నగా చేసి, ఆ సాయంత్రమే బూడిద రంగు ప్రైమర్ పూశాడు. రాలీకి ముందు బండిని పరీక్ష చేస్తారని అతనికి తెలుసు. పైనుంచి చూసేవాళ్ళకి లోహం లోపలికి దిగిందో లేదో తెలియదని కూడా తెలుసు. ముప్పై నాలుగేళ్ళలో అతను అట్లాంటి పని చేయడం అదే మొదటిసారి.

శనివారం వాసు ఆ పైపు మీద అరచెయ్యి రుద్ది, "ఎంత నున్నగ వచ్చింది అంకుల్" అన్నాడు.

కనకలక్ష్మి సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని చూసుకుంది. తల పైకెత్తి కాసేపు అతుకుల వైపు చూసింది. ఆమె యేసురాజును కూడా కొన్నాళ్ళుగా గమనిస్తోంది. చాక్‌పీసు కోసం చెయ్యి చాపి పక్కన నేల తడమడం రెండుసార్లు ఆమె కంటబడింది.

"అంకుల్, ఒక మాట అడుగుతాను, ఏటీ అనుకోకండి. మీకు కళ్ళు బాగానే కనిపిస్తున్నాయా?"

యేసురాజు చేతిలో ఉన్న గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లు నిప్పుని చూసిన కండ్లమ్మా. వయసుకి జెర మసక ఉంటది. పనికేం తక్లీఫ్ లేదు."

"ఇదంతా గట్టిగానే ఉంటాది కదా?"

"ఉంటది."

ఆమె తలూపింది. అనుమానం తీరినట్టే ఉంది.

ఆరోజు నుంచి యేసురాజుకి అన్నం సయించలేదు. నిద్రలో పైపు విరిగిన చప్పుడు వినబడి లేచి కూర్చునేవాడు. ప్రేమమణి నెలరోజులు ఏమీ అడగకుండా చూసింది. ఒక సోమవారం పొద్దున, గ్లాసులో పోయాల్సిన నీళ్ళు పక్కన పోస్తున్న భర్త చేతిలోంచి చెంబు తీసుకుంది. స్కూలుకి టైమవుతున్నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"డాక్టరు చీటీ నేను రెండేళ్ళ కిందటే చూశాను. మీరే చెప్తారని ఆగాను" అంది.

యేసురాజు ఒలికిన నీళ్ళని అరచేత్తో పక్కకి తోశాడు.

"వాసుకి చెప్పారా?"

"లేదు."

"పని సరిగ్గానే చేశారా?"

"ఒకటి చెడింది. కప్పిపెట్టిన" అన్నాడు అతను.

"ఎక్కడ?"

"ఆ పిల్ల కూసునే కాడ. నెత్తి మీద."

ప్రేమమణి లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బ్యాగు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. "మీరు చెప్పండి. లేకపోతే నేను వెళ్ళి చెప్తాను. నాకు చెప్పే పని పెట్టకండి."

అయినా అతను ఇంకో నాలుగు రోజులు చెప్పలేకపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం లారీని ఎక్కించుకుపోవడానికి ట్రైలర్ వస్తుందని ఖాయమైంది. పొద్దున్నే వాసు తల్లి అచ్చియమ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. స్కూలుకి సెలవు పెట్టి ప్రేమమణి కూడా వచ్చి ఒక పక్కన నిలబడింది. అచ్చియమ్మ కొబ్బరికాయ కొట్టాక యేసురాజు వైపు తిరిగింది.

"అన్నియ్యా, మీ దేవుడికి కూడా ఓ మాట చెప్పు. పిల్లలిద్దరూ ఎల్తన్నారు."

యేసురాజు లారీ బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అందరూ తలలు వంచుకుని ఎదురుచూశారు. యేసురాజు కళ్ళు తెరిచి, "వాసూ, గ్రైండర్ తియ్యి. ఎడమ సీటు మీది జాయింటు కొయ్యాలె" అన్నాడు.

"ఏందంకుల్? ఇంకో మూడు గంటల్ల ట్రైలర్ వస్తది."

"కొయ్యి. నువ్వే కొయ్యాలె. నాకు గీత కనబడది."

తర్వాత మొత్తం చెప్పాడు. మచ్చ సంగతి, డాక్టరు చెప్పింది, చప్పుడు తెగింది, ప్రైమర్ పూసింది, ఏదీ దాచలేదు. వాసు నమ్మలేదు. పెద్దాయన ఆఖరి నిమిషంలో భయపడి ఏదో మాట్లాడుతున్నాడనుకుని, ఆ భయం తీర్చడానికే గ్రైండర్ తీసుకుని ఎక్కాడు. నిప్పురవ్వలు ఆగాక కూడా వాసు కిందికి దిగలేదు. కనకలక్ష్మి ఎక్కి చూసింది. పైపు అంచు మీద లోహం పేరుకుంది తప్ప లోపలికి దిగలేదు. మధ్యలో ఆమె గోరు దూరేంత సందు ఉంది.

వాసు కిందికి దిగాడు. "మిగిలిన పై అతుకులు?"

"కింద చేసినయి మంచిగున్నయి. పైవి ఎన్ని ఇట్లున్నయో తెల్వది రా. నాకు చూడనీకి రాదు."

పై అతుకులు పదకొండు. అన్నీ కోసి, వేరే వెల్డర్‌ని వెతికి, పైపులు మళ్ళీ తెచ్చి చేయించాలంటే కనీసం పది రోజులు పడుతుంది. రాలీకి ముందు బండిని పరీక్షకి చూపించడానికి ఇంక ఆరు రోజులే ఉంది. వాసు ఫోన్ తీసి ట్రైలర్‌వాడికి రావద్దని చెప్పాడు. అతను అరవలేదు. అరిచి ఉంటే యేసురాజుకి కాస్త తేలికయ్యేదేమో.

"ఆగస్టుల ఒక్క మాట చెప్పుంటే ఇంకొకర్ని పెట్టుకుంటుంటి కదా అంకుల్" అని మాత్రం అన్నాడు.

కనకలక్ష్మి చేతికంటిన ఇనుప పొడి దులుపుకుంటూ, "నేను అడిగాను" అంది. "మిమ్మల్ని ఎదురుగా నిలబెట్టి అడిగాను అంకుల్."

ప్రేమమణి వచ్చి యేసురాజు మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు.

ఆ ఏడాది రాలీ వాసు లేకుండానే జరిగింది. తర్వాతి ఏటికి అతనికి కంపెనీలో పని పెరిగింది. 2008 ఏప్రిల్‌లో లారీని అమ్మేశాడు. కొన్న మనిషి పంజరం పీకేసి, వెనక ట్యాంకు పెట్టించి, కొండాపూర్‌లో కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లకి నీళ్ళు తోలిస్తున్నాడని మెట్టుగూడలో అనుకునేవారు. సంగతి వర్క్‌షాపు దాకా వెళ్ళింది. పాత ఫోర్‌మన్ ఒకసారి ఇంటికొచ్చి పలకరించాడు. యేసురాజు అతనికీ ఏమీ దాచకుండా చెప్పాడు. ఫోర్‌మన్ టీ తాగి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. యేసురాజు తన వెల్డింగ్ సామానంతా లాలాగూడలో ఒక గేట్లు చేసే షాపువాడికి ఊరికే ఇచ్చేశాడు. పేపరు ప్రేమమణి చదివి వినిపించేది.

2008 నవంబరులో ఒక సాయంత్రం ఇద్దరూ ఆలుగడ్డలు కొనుక్కుని మెట్టుగూడ చౌరస్తా దగ్గర రోడ్డు దాటడానికి ఆగారు. ఎవరో ఎదురుగా వచ్చి ఒక క్షణం నిలబడి పక్కకి తప్పుకున్నారు. అప్పటికి యేసురాజుకి ముఖాలు తెలియడం లేదు. భుజాలు, చొక్కా రంగు తెలిసేవి, ముఖం ఉండాల్సిన చోట మసక.

"ఎవరది?" అన్నాడు.

"వాసు."

"పిలువు."

ప్రేమమణి పిలిచింది. వాసు వెనక్కి వచ్చాడు. తల్లికి ఒంట్లో బాగాలేదని, చూడ్డానికి వచ్చానని, ఇప్పుడు గచ్చిబౌలిలో ఉంటున్నామని చెప్పాడు. కంపెనీలో సగం మందిని తీసేశారు, తనని ఇంకా తీయలేదు. కనకలక్ష్మికి ఐదో నెల. ఆ మాట వినగానే యేసురాజు గట్టిగా ఊపిరి తీసుకుని వదిలాడు.

"నేను సుత ఒక్కసారి మిమ్మల్ని అడగాల్సుండె అంకుల్" అన్నాడు వాసు. "ఫ్రీగా చేస్తున్నరని అడగలే. కనకం అడిగింది, నేను అడగలే."

"నువ్వు అడిగినా అబద్ధమే చెప్తుంటి రా."

వాసు ప్రేమమణి చేతిలోంచి సంచీ తీసుకుని, రెండో చేత్తో యేసురాజు మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. అవతల సంచీ తిరిగిచ్చాడు. వాసు ఎక్కాల్సిన బస్సు వచ్చేదాకా ముగ్గురూ అక్కడే నిలబడ్డారు.