అమ్మ చేతిలో దారపుండ

పక్కింటి అత్తయ్యగారు పోయారని సోమవారం నిడదవోలు నుంచి ఫోను వచ్చింది. మాకు చుట్టరికమేమీ లేదు. నరసాపురంలో మా వాటాకీ ఆవిడ వాటాకీ మధ్య గోడ ఒకటే, అంతే. ఆవిడ లేసు అల్లేవారు.

అప్పట్లో మా అమ్మకి కడుపులో క్యాన్సరని చెప్పి, ఇంక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు కాకినాడ డాక్టర్లు. అమ్మతో మాత్రం అల్సరన్నాం. చూడటానికి వచ్చినవాళ్ళందరూ "తగ్గిపోద్దండి" అనేసి, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. అత్తయ్యగారు మాత్రం రోజూ మధ్యాహ్నం రెండింటికి పీట తెచ్చుకుని, మంచం పక్కన కూర్చుని అల్లుకునేవారు.

ఒకరోజు అమ్మ, "వదినగారూ, నాకు తగ్గుద్దంటారా?" అంది.

సూది ఆగింది. "నాకు తెలీదండి. భయమేస్తుందా?" అన్నారావిడ.

అమ్మ భోరున ఏడ్చింది. నాకు ఒళ్ళు మండి, ఆవిణ్ణి గుమ్మం దగ్గర నిలదీశాను.

"నేను ఏడిపించలేదమ్మాయ్. ఇన్నాళ్ళూ ఒక్కర్తీ ఏడుస్తున్నారు, ఇవాళ నా ముందు ఏడ్చారు. తగ్గిపోద్ది అనేశాక ఇంక ఆవిడ మాట్లాడ్డానికి ఏముంటుంది చెప్పు?"

మర్నాడు రెండు కాకముందే అమ్మ గుమ్మం వైపు చూడటం మొదలుపెట్టింది. ఆ తర్వాత బతికిన మూడు నెలలూ తన భయాలన్నీ ఆవిడకే చెప్పుకుంది. కూతురిగా నేను కుళ్ళుకున్నాను కూడా. మాట్లాడే ఓపిక పోయాక, అత్తయ్యగారు దారపుండని అమ్మ అరచేతిలో పెట్టి అల్లేవారు. దారం లాగినప్పుడల్లా ఉండ ఆ చేతిలో మెల్లగా తిరిగేది. "కళ్ళు మూసుకున్నా నేనున్నట్టు తెలుస్తుంది కదా" అనేవారు.

అమ్మ పోయాక నాకూ అల్లడం నేర్పారు.

కిందటి నెల ఆవిడకీ అదే జబ్బని తెలిసి, నిడదవోలులో ఆవిడ ఉంటున్న వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళాను. సంచీలో సూదీ, కొత్త దారపుండా పెట్టుకునే వెళ్ళాను. సగమైపోయారు మనిషి. నా చెయ్యి పట్టుకుని, "నాకు తగ్గుద్దంటావా అమ్మాయ్?" అన్నారు.

ఏమనాలో నాకు తెలుసు. నేర్పిందే ఆవిడ. కానీ భయమేసింది. "తగ్గిపోద్దండి అత్తయ్యగారూ" అనేశాను.

ఆవిడ మెల్లగా నా చెయ్యి వదిలేశారు.

"కాఫీ తాగి వెళ్ళమ్మా. రైలుకి టైమవుతుంది."

సోమవారం ఫోను పెట్టేశాక ఆ సంచీ వెతికి దారపుండ బయటికి తీశాను. మధ్యాహ్నం రెండైంది. అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఉండ కదల్లేదు.