వంగని వెన్నులు

అక్కకు మోకాలి ఆపరేషన్ అయి నిజామాబాద్‌లో కూతురింట్లో ఉన్న యాసంగి పంటకాలంలో, బీర్కూర్ దగ్గరి ఆమె రెండెకరాల వరి నా చేతికి వచ్చింది. నాది బాన్సువాడలో దర్జీ పని. బట్ట కొలవమంటే కొలుస్తాను గానీ పొలం సంగతి నాకు అంతంతమాత్రమే. బావ పోయాక ఆమె ఒంటిచేత్తో చేసుకుంటున్న సాగు అది, ఏడాది తిండి అందులోంచే. కాదనలేకపోయాను.

భూసార పరీక్షలో బోరాన్ తక్కువని వచ్చింది. పురుగుమందుల దుకాణాయన ఒక పొట్లం చేతిలో పెట్టాడు.

"గిది తక్కువైతే పుప్పొడిల సత్తువ ఉండదు. పూత మంచిగనే కనబడ్తది, గింజ మాత్రం కట్టది, అంత తాలే. వెన్నులు బయటికొస్తున్నప్పుడు కొట్టు. పొద్దుగాల పూలు ఇచ్చుకుంటయ్, అప్పుడు వద్దు. సాయంత్రం కొట్టు."

తల ఊపాను. చిటికెడు తెల్లపొడి లేకపోతే ఎకరాల పంట తాలైపోతుందంటే నవ్వొచ్చింది కూడా.

ఆ వారం నా దుకాణంలో పెళ్లివాళ్ల బట్టలు కుప్పపడి ఉన్నాయి. సాయంత్రమైతే వాళ్లొచ్చి నెత్తిన కూర్చుంటారు. ఏ పూట కొడితే ఏమవుతుందిలే అని, పొద్దున పదింటికే మందు పంపు వీపున వేసుకుని మడిలో దిగాను. వెన్నుల నిండా సన్నటి తెల్లపూత. ఒక ఎకరం అయ్యేసరికి పక్క పొలం చాచా గట్టు మీద నుంచి పిలిచాడు.

"బేటా, ఏంది గిది? పూలు తెరుచుకున్న యాళ్ల తడుపుతున్నవ్. పుప్పొడంత కడుక్కపోదా?"

వెంటనే పంపు దించేశాను. మిగతా ఎకరం సాయంత్రానికి ఆపాను. పెళ్లివాళ్లు తిట్టుకున్నారు.

తర్వాత పది రోజులు తిండి సహించలేదు. పొద్దున్నే బండి మీద వెళ్లి గింజలు గోరుతో నొక్కి చూసేవాడిని. పాలు పోసుకున్న గింజ తెల్లగా చిట్లుతుంది. సాయంత్రం కొట్టిన వైపు వెన్నులు బరువుకు వంగసాగాయి. పొద్దున కొట్టినవి మాత్రం నిక్కి నిలబడే ఉన్నాయి. చాలా గింజలు నొక్కితే లోపల ఏమీ లేదు. వాటిని చూస్తే నా మీద నాకే ఒళ్లు మండేది.

అక్క రోజూ ఫోన్ చేసి ఒకటే అడిగేది.

"వంగినయారా?"

"వంగుతున్నయక్కా."

సగం నిజమే కదా అని సర్దిచెప్పుకునేవాడిని. ఫోన్ పెట్టేశాక కుట్టు మీద చూపు నిలిచేది కాదు.

కోతలకు ముందు ఆమె కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చింది. నేరుగా నిలబడ్డ వెన్నుల దగ్గరికే వెళ్లి, ఒకటి తెంపి అరచేతిలో నలిపి ఊదింది. నాలుగు గింజలు మిగిలాయి.

"పొద్దుగాల కొట్టినవా?"

అవునన్నట్టు తలాడించాను.

"నాదే తప్పురా. ఏ పూట కొట్టాల్నో నీకు చెప్పుడు మర్చిన. ఆపరేషన్ ఫికర్ల యాదికి రాలే. తర్వాత యాదికొచ్చింది గానీ అడుగుదమంటే భయమైంది. గందుకే రోజు ఫోన్ చేసిన. నువ్వు వంగుతున్నయ్ అన్నంక నిమ్మళమైంది."

ఆమె కళ్లు తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేసింది.

"నీకేం తెల్సు పాపం."

ఊరుకుంటే సరిపోయేది. చెప్పకపోతే ఇక ఎవరూ అడగరు.

"తెల్సక్కా," అన్నాను. "దుకాణాయన చెప్పిండు. నేనే ఇనలే."

ఆమె చెయ్యి తీసేసింది.