స్టాండింగ్ చార్జీ

నా చిన్నప్పుడు నన్ను భయపెట్టడానికి బూచాడు అక్కర్లేదు, వాటర్ బిల్లు చాలు. అప్పుడు మేం ఇండియా వదిలొచ్చి, ఈస్ట్ హామ్‌లో ఒక అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. బిల్లు వచ్చినప్పుడల్లా నాన్న, "స్టాండింగ్ చార్జీకే ఇంత పోతోంది" అని విసుక్కునేవాడు. అమ్మేమో రోజూ బాత్రూమ్ తలుపు బాది, ఎంతసేపు నిలబడతావే ఆ షవర్ కింద అని అరిచేది. ఏడేళ్ల నా బుర్ర ఆ రెండూ కలిపేసుకుంది. నిలబడ్డందుకు వేసే చార్జీ అన్నమాట! అప్పట్నుంచీ షవర్ కింద గొంతుక్కూర్చునే స్నానం చేసేదాన్ని.

ఒక శనివారం పొద్దున మాత్రం ఆ సంగతే మర్చిపోయి, హాయిగా నిలబడి, పాటలు పాడుకుంటూ తలంటుకున్నాను. అమ్మ నాకు జడ వేయడం పూర్తికాకముందే వంటింట్లో కుళాయి బుస్సుమని ఆగిపోయింది. ఇంట్లో ఎక్కడా చుక్క లేదు. తమ్ముడు చంటివాడు, పాలు కలపడానికి నీళ్లు లేవు. నాన్న డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. బిల్లు కట్టారో లేదో, నీళ్లు కట్ చేసేశారో ఏమోనని అమ్మ గొణుక్కుంది. తమ్ముడు గుక్కపెట్టి ఏడుస్తుంటే, వీడింక నావల్లే చచ్చిపోతాడు అనుకున్నాను. అంత భయం మళ్లీ ఎప్పుడూ పడలేదు.

మా పై ఫ్లాట్‌లో అనంతపురం ఆంటీ ఉండేది. పరుగున వెళ్లి ఆమె తలుపు కొట్టాను.

"ఏమ్మే, ఎందుకట్ల వణుకుతాండావు?" అంది.

నీళ్లు రావట్లేదని మాత్రం చెప్పగలిగాను. ఆంటీ తన కుళాయి తిప్పి చూసింది. అక్కడా లేవు. "మనింట్లో నీళ్లు రాకుంటే ముందు పక్కింట్లో అడగాల. ఏడ్చేది ఆ తర్వాత" అని నా చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది.

వరసగా తలుపులు కొడుతూ పోయాం. ఎవరింట్లోనూ నీళ్లు లేవు. ఆంటీ ముఖం తేటపడుతోంది, నేనేమో ఒక్కో తలుపు దగ్గరా ఆమె వెనక్కి నక్కుతున్నాను. దేవుడా, వీధి వీధంతటికీ నీళ్లు ఆపించేశాను! మలుపు దగ్గర రోడ్డు చీలి నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. యూనిఫాం జాకెట్ల మనుషులు తవ్వుతున్నారు. నన్ను పట్టుకుపోవడానికే వచ్చారనుకుని ఆంటీ నడుం వాటేసుకుని, ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.

ఆంటీ ఎవరిదో పిట్టగోడ మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుంది. పగిలింది మెయిన్ పైపట, సాయంత్రానికి బాగుచేస్తారట. ఆ చార్జీ మీటరుకీ పైపులకీ కట్టేదట. "నువ్వు నిలబడినా, కూసున్నా, ఇండియాకి పోయినా అది మారదే పిల్లా" అంది. బిల్లు కట్టలేకపోయినా ఇంటికి నీళ్లు ఆపకూడదని ఈ దేశంలో చట్టమే ఉందని కూడా చెప్పింది. ఇంట్లో చంటివాడున్నాడని ఆమె అడిగితే ఆ మనుషులే నీళ్ల బాటిళ్లు ఇచ్చారు. చెరో రెండు మోసుకుని ఇంటికొచ్చాం.

ఇన్నేళ్లయినా ఏ చెడు కబురొచ్చినా ముందు నావల్లే అనిపిస్తుంది. ఆ బుద్ధి పోలేదు, పోయేలా కూడా లేదు. కానీ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని వణకను. చెప్పులేసుకుని వెళ్లి, ఎవరిదో ఒకరి తలుపు కొడతాను.